టన్నును స్టోనును: పేరొకటి, బరువులు పెక్కు

ఒక వస్తువు బరువు చెప్పవలెనన్నచో రెండు సంగతులు కావలెను. మొదటిది సంఖ్య, రెండవది మానము పేరు. "ఇరువది" అని మాత్రము చెప్పిన యెడల వినువానికి ఏమియు బోధపడదు. ఇరువది తులములా, ఇరువది కిలోగ్రాములా, ఇరువది టన్నులా యని వాడు మరల అడుగును. ఈ సంగతి మూడవ తరగతి పిల్లవానికిని తెలియును. కాని మానము పేరు చెప్పినంతనే బరువు నిశ్చయముగా తెలిసినట్లేనా? పెక్కుమంది తెలిసినట్లే యని తలంతురు. అట్లు తలంచుట వలననే గుణకార భాగహారములు సరిగా చేసియు తప్పు ఫలితములు పొందుచున్నారు. ఈ విషయమును టన్ను, స్టోను అను రెండు ఆంగ్లేయ మానముల మూలమున వివరింపదలచితిమి.

ఈ రెండింటినే యేల ఎన్నుకొంటిమనగా, మన విద్యార్థులు చదువు ఇంగ్లీషు పుస్తకములలో ఇవి తఱచుగా కనబడును. పందెపు గుఱ్ఱము నెక్కిన రౌతు తొమ్మిది స్టోనుల బరువున్నాడనియు, ఓడలో అయిదువేల టన్నుల బొగ్గు నింపిరనియు వ్రాసియుండును. బ్రిటనులోను ఐర్లండులోను పెక్కుమంది ఇప్పటికిని తమ దేహపు బరువును స్టోనులలోనే చెప్పుకొనుచున్నారు. అచట కాపురమున్న కుమార్తె తన బిడ్డ మూడు స్టోనులు తూగుచున్నాడని తెలియజేసినచో, ఇచటనున్న తాతగారు సంతోషింపవలెనో చింతింపవలెనో తెలిసికొనుటకైనను ఈ లెక్క వచ్చియుండవలెను గదా!

స్టోను అనగా రాయి. తూనికకు రాయి యని పేరు వచ్చుటలో వింత యేమియు లేదు. మన అంగళ్లలో తూకపు గుండ్లను ఇనుముతో పోతపోసినను వానిని తూనికరాళ్లనియే పిలుచుట వాడుక. హెబ్రీ భాషలోను రాయికిని తూనికకును ఒకటే మాట. ఒకని సంచిలో పెద్దదియు చిన్నదియునగు రెండు విధముల తూనికలుండరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయమున ఆజ్ఞాపించిన చోట మూలమున నున్నది ఆ మాటయే. రాళ్లతో తూచిన జనులకు సహజముగా కలుగు చిక్కు ఒకటి గలదు. ఒక ఊరి రాయి మఱియొక ఊరి రాయితో సరిపడదు.

ఇంగ్లండులో ఈ చిక్కు మిక్కిలి ముదిరెను. అచట స్టోను బరువు ఊరిని బట్టియే గాక సరకును బట్టియు మాఱుచుండెడిది. గాజు తూచు స్టోనుకు 5 పౌనులు. లండను నగరమున మాంసము అమ్మువారి స్టోనుకు 8 పౌనులు. ఉన్ని స్టోనుకు 14 పౌనులు. ఆ కాలమున ఇంగ్లండు ఐశ్వర్యమునకు ఉన్ని వ్యాపారమే ముఖ్యాధారము. కావున 14వ శతాబ్దపు రాజశాసనములు ఉన్ని స్టోనును 14 పౌనులుగా స్థిరపఱచెను. 26 స్టోనులు, అనగా 364 పౌనులు, ఒక ఉన్ని గోతముగా లెక్కించిరి. అయినను తక్కిన స్టోనులు వెంటనే పోలేదు. తుదకు 1835లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టముచేసి, స్టోను అనగా 14 పౌనులే యనియు, 8 స్టోనులు ఒక హండ్రడ్‌వెయిటనియు, 20 హండ్రడ్‌వెయిట్లు ఒక టన్ననియు నిర్ణయించెను.

ఇక టన్ను పుట్టుక వేఱు. పూర్వము ద్రాక్షారసమును ఓడలలో తెచ్చుటకు వాడిన మహా పీపాకు "టన్" అని పేరు. అందులో ఆనాటి కొలతచొప్పున 252 గాలనులు పట్టెడిది. ఓడ యెంత సరకు మోయగలదో చెప్పుటకు ఎన్ని పీపాలు పట్టునో చెప్పుట వాడుకయ్యెను. క్రమముగా ఆ పీపా పేరే గొప్ప బరువునకు పేరాయెను. స్టోను చేతితో ఎత్తదగిన రాయి. టన్ను పలువురు కూడినగాని కదలని పీపా. ఈ రెండు రూపములను మనస్సున నుంచుకొన్నచో లెక్క చేయునపుడు ఏది పెద్దదో ఏది చిన్నదో మఱపురాదు.

బ్రిటిషు పద్ధతి ప్రకారము కోష్ఠకము ఇట్లున్నది.

14 పౌనులు = 1 స్టోను
2 స్టోనులు = 1 క్వార్టరు (28 పౌనులు)
4 క్వార్టర్లు = 1 హండ్రడ్‌వెయిటు (112 పౌనులు)
20 హండ్రడ్‌వెయిట్లు = 1 టన్ను (2,240 పౌనులు)

హండ్రడ్ అను మాటకు నూఱని అర్థము. అయినను బ్రిటిషు హండ్రడ్‌వెయిటులో ఉన్నవి నూటపండ్రెండు పౌనులు. పేరును నమ్మి నూఱని లెక్కించినవాడు ఇచటనే తప్పును. హండ్రడ్‌వెయిటుకు 8 స్టోనులు, టన్నుకు 20 హండ్రడ్‌వెయిట్లు. కావున టన్నుకు 160 స్టోనులు. 2,240ని 14 చేత భాగించి చూచినను 160యే వచ్చును.

టన్నులను స్టోనులుగా మార్చుటకు 160 చేత గుణింపవలెను. నోటిలెక్కకు ఒక సులభమార్గము గలదు. సంఖ్యను నాలుగు మారులు రెట్టించి తుదకు ఒక సున్న చేర్చవలెను. 7 టన్నులకు: 14, 28, 56, 112, సున్న చేర్చగా 1,120 స్టోనులు. స్టోనులను టన్నులుగా మార్చుటకు దీనికి వ్యతిరేకముగా చేయవలెను. పదింట భాగించి నాలుగు మారులు సగము చేయవలెను. 1,000 స్టోనులకు: 100, తరువాత 50, 25, 12½, 6¼. అనగా ఆరుంబావు టన్నులు. పావు టన్ను 5 హండ్రడ్‌వెయిట్లు గనుక 6 టన్నుల 5 హండ్రడ్‌వెయిట్లని చెప్పవచ్చును.

మిశ్రమ సంఖ్యలున్నపుడు ఒక్కొక్క మెట్టునే దిగవలెను. 3 టన్నుల 7 హండ్రడ్‌వెయిట్ల 2 క్వార్టర్ల 1 స్టోను ఎన్ని స్టోనులు? టన్నుల నుండి 480, హండ్రడ్‌వెయిట్ల నుండి 56, క్వార్టర్ల నుండి 4, మిగిలినది 1. మొత్తము 541 స్టోనులు. తొందరపడి అన్నింటిని ఒక్కమారుగా కలిపినచో తప్పు వచ్చును. మెట్టు మెట్టుగా దిగినచో తప్పుటకు వీలులేదు.

గుణింపవలసిన చోట భాగించుట, భాగింపవలసిన చోట గుణించుట పిల్లలలో సామాన్యమైన పొరపాటు. దీనికి మందు ఒక్కటే. జవాబు వచ్చిన తరువాత అది లోకమున సంభవించునా యని ఒక్కక్షణము ఆలోచింపవలెను. పది స్టోనులనగా 140 పౌనులు, సుమారు 63½ కిలోగ్రాములు. ఒక సామాన్య మనుష్యుని బరువు. అట్టివారు పదునాఱుగురు కలిసిన ఒక టన్ను. ఒక రౌతు బరువు టన్నులలో అడిగినపుడు ఎవడైనను 1,440 టన్నులని వ్రాసినచో, వాడు 9ని 160 చేత భాగించుటకు మాఱుగా గుణించెనన్నమాట. అంత బరువును ఏ గుఱ్ఱము మోయును? చిన్న మానమునకు మార్చినపుడు సంఖ్య పెరుగవలెను; పెద్ద మానమునకు మార్చినపుడు తరుగవలెను. ఈ సూత్రమును మఱువనివాడు ఏ మానములనైనను ధైర్యముగా మార్చగలడు.

ఇంతవరకు లెక్క సులభమే. అసలు కష్టము ఇకముందున్నది. మేము ఇప్పటివరకు చెప్పిన టన్ను బ్రిటిషు టన్ను. దీనిని పెద్ద టన్నందురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వాడుకలో నున్నది చిన్న టన్ను. వారి హండ్రడ్‌వెయిటు పేరునకు తగినట్లు సరిగా 100 పౌనులే. కావున వారి టన్ను 2,000 పౌనులు. మూడవది మెట్రిక్ టన్ను. అది 1,000 కిలోగ్రాములు, అనగా 2,204.62 పౌనులు. మన దేశమునను, ప్రపంచమున పెక్కు దేశములలోను ఇప్పుడు టన్నన్నచో సామాన్యముగా ఇదియే.

పెద్ద టన్ను = 160 స్టోనులు
మెట్రిక్ టన్ను = 157 స్టోనుల 6.62 పౌనులు
చిన్న టన్ను = 142 స్టోనుల 12 పౌనులు

మెట్రిక్ టన్నులను స్టోనులుగా మార్చుటకు ముందు 160 చేత గుణించి, పిదప టన్నుకు రెండున్నర స్టోనుల చొప్పున తీసివేసినచో నిజమునకు మిక్కిలి దగ్గఱగా వచ్చును. 4 మెట్రిక్ టన్నులకు 640 నుండి 10 తీసివేయగా 630. ఖచ్చితముగా లెక్కించినచో 629.9. చిన్న టన్నులకు మఱింత చక్కని సంబంధమున్నది. 7 చిన్న టన్నులు 14,000 పౌనులు; అనగా సరిగా 1,000 స్టోనులు. కావున చిన్న టన్నుల సంఖ్యను 1,000 చేత గుణించి 7 చేత భాగించిన చాలును. ఇందాక 1,000 స్టోనులు 6¼ టన్నులని చెప్పితిమి. ఇప్పుడు 7 టన్నులని చెప్పుచున్నాము. రెండును సత్యమే. బరువు మాఱలేదు, టన్ను మాఱినది.

ఇది మాటల భేదమే గదా యని కొందఱనవచ్చును. ఒక కల్పిత ఉదాహరణము చూడుడు. ఒక రేవులోని పడవమీద "2 టన్నులకు మించరాదు" అని మాత్రము వ్రాసియున్నదనుకొందము. ఒక్కొక్క ప్రయాణికుడు సామానుతో గూడ 11 స్టోనులు తూగుననుకొందము. పెద్ద టన్నులైన 2 టన్నులు 320 స్టోనులు. 29 మంది ఎక్కవచ్చును. మెట్రిక్ టన్నులైన సుమారు 315 స్టోనులు. 28 మంది ఎక్కవచ్చును. చిన్న టన్నులైన సుమారు 285¾ స్టోనులు. 25 మందికి మించి ఎక్కరాదు. పడవ చేసినవాడు చిన్న టన్నులు తలంచి వ్రాసెను. నడుపువాడు పెద్ద టన్నులనుకొనెను. వాని లెక్కలో తప్పులేదు, గుణకారములో తప్పులేదు, భాగహారములో తప్పులేదు. అయినను పడవలో నలుగురు ఎక్కువ. నడియేటిలో గాలి లేచినపుడు ఆ నలుగురి బరువును నీరు ఏ టన్నులలో లెక్కించును?

వ్యాపారమునను ఇట్లే. 1,000 టన్నుల బొగ్గు కొనుటకు ఒప్పందము వ్రాసికొని ఏ టన్నో వ్రాసికొననిచో, పెద్ద టన్నుకును చిన్న టన్నుకును గల భేదము టన్నుకు 240 పౌనుల చొప్పున 2,40,000 పౌనులగును. అది 107 పెద్ద టన్నులకంటె ఎక్కువ. ఒకరికి అంత లాభము, మఱియొకరికి అంత నష్టము. ఇంతియేగాక ఓడల విషయమున రిజిస్టరు టన్నను మఱియొక మాట గలదు. అది బరువే కాదు. 100 ఘనపుటడుగుల చోటునకు పేరు. దానిని స్టోనులుగా మార్చబూనుట గజములను శేర్లుగా మార్చబూనుట వంటిది.

ఈ చిక్కు పరదేశులకే చెందినదని మనము నవ్వుకొనుటకు వీలులేదు. మన తాతల కాలపు మణుగును చూడుడు. మద్రాసు రాజధానిలోని మన జిల్లాలలో మూడు తులములు ఒక పలము, 40 పలములు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. అనగా మణుగుకు 960 తులములు, సుమారు 25 పౌనులు. బంగాళా మణుగునకు 80 తులముల శేర్లు 40, అనగా 3,200 తులములు. అది 82 పౌనులకు పైబడును. స్టోనులలో చెప్పినచో మొదటిది ఇంచుమించు 1 స్టోను 11 పౌనులు, రెండవది 5 స్టోనుల 12 పౌనులు. మన మణుగులు తొంబదికి పైగా కూడినగాని ఒక పెద్ద టన్ను కాదు. బంగాళా మణుగులు ఇరువదియేడింటికి కొంచెము పైగా చాలును. పేరు మాత్రము రెండింటికిని మణుగే. దేశమంతటను ఒకే తూనిక యుండవలెనను తలంపుతో 1956లో తూనికలు కొలతల చట్టము చేసి, భారత ప్రభుత్వమువారు కిలోగ్రామును ప్రమాణముగా స్వీకరించిరి. నేడు శ్రీకాకుళములోని అంగడిలోను కలకత్తాలోని అంగడిలోను కిలో ఒక్కటే.

పౌనుకును ఇట్టి స్థిరత్వము తరువాత వచ్చినది. 1959లో బ్రిటను, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా దేశములవారు కూడి, పౌను అనగా సరిగా 0.45359237 కిలోగ్రాము అని ఒడంబడిక చేసికొనిరి. అందువలన స్టోను 6.35029318 కిలోగ్రాములని తేలుచున్నది. సామాన్యమైన పనులకు 6.35 చాలును. ఇందాకటి బిడ్డ మూడు స్టోనులన్నచో 19 కిలోగ్రాములు. అయిదేండ్లవాడైనచో తాతగారు నిశ్చింతగా నుండవచ్చును. బ్రిటనులో 1985 నాటి చట్టము వ్యాపారమునకు తగిన మానములలో స్టోనును చేర్చలేదు. అయినను జనుల నోట అది నిలిచియున్నది. చట్టము త్రాసును మార్చగలదు గాని నాలుకను అంత త్వరగా మార్చలేదు.

మానములను కలగాపులగము చేసినచో ఏమి జరుగునో తెలుపు నిజమైన వృత్తాంతము ఒకటి గలదు. 1983 జూలై 23వ తేదీన కెనడా దేశమున ఒక పెద్ద విమానము మాంట్రియలు నుండి ఎడ్మంటనునకు బయలుదేరెను. ఇంధనము కొలుచు యంత్రము పనిచేయనందున, ఇంధనమును లీటర్లలో కొలిచి దాని బరువును లెక్కకట్టిరి. ఆ విమానమునకు కావలసినది 22,300 కిలోగ్రాములు. కాని లెక్కకట్టినవారు లీటరుకు 1.77 అను సంఖ్యను వాడిరి. అది లీటరు ఇంధనము పౌనులలో తూగు బరువు. కిలోగ్రాములలో అది సుమారు 0.8 మాత్రమే. కావున కావలసినదానిలో సగముకంటె తక్కువ ఇంధనముతో విమానము ఆకాశమున కెగసెను. నడిదారిలో 41,000 అడుగుల ఎత్తున ఇంధనము తీఱి యంత్రములు ఆగిపోయెను. నడుపువానికి యంత్రములేని గ్లైడరు విమానములను నడుపుటయందు అనుభవముండుటచే, దానిని గాలిలో తేల్చుకొనుచు వచ్చి గిమ్లీ అను చోట పాత విమానస్థలమున దింపెను. ప్రాణనష్టము కలుగలేదు. ఆ లెక్క వేసినవారు గుణకారము రానివారు కారు. తమ చేతిలోని సంఖ్య ఏ మానమునకు చెందినదో అడుగలేదు, అంతియే.

కావున విద్యార్థులారా, బరువుల లెక్క మీ ముందుకు వచ్చినపుడు మూడు పనులు చేయుడు. మొదట, ఇచ్చిన మానము ఏ దేశపుదో, ఏ కాలపుదో అడుగుడు; ప్రశ్నలో లేనిచో అడిగి తెలిసికొనుడు. అట్లడుగుట తెలియనితనము కాదు, తెలివి. రెండవది, పౌనులకు గాని కిలోగ్రాములకు గాని దించి, అటు పిమ్మట కావలసిన మానమునకు ఎక్కించుడు. మూడవది, వచ్చిన జవాబును మీకు తెలిసిన ఒక వస్తువుతోనో మనుష్యునితోనో పోల్చి చూడుడు. పరీక్షలో దీనివలన మీకు రెండు మార్కులు రావచ్చును. రేపు మీరు గిడ్డంగిలోనో, ఆసుపత్రిలోనో, వంతెన కట్టుచోటనో పనిచేయునపుడు దీనివలన ఇతరుల ధనమును, ఒక్కొక్కప్పుడు ఇతరుల ప్రాణమును నిలుచును.

సెలవులలో చేయదగిన లెక్కలు మూడు ఇచ్చుచున్నాము. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి చేసిన మఱింత మేలు. (1) 5 పెద్ద టన్నుల 12 హండ్రడ్‌వెయిట్లు ఎన్ని స్టోనులు? (2) 2,000 స్టోనులు ఎన్ని పెద్ద టన్నులు? ఎన్ని చిన్న టన్నులు? (3) మీ ఇంటిలోని వారందఱి బరువును కిలోగ్రాములలో తూచి కూడి, స్టోనులుగా మార్చుడు. మీవంటి కుటుంబములు ఎన్ని కూడిన ఒక పెద్ద టన్నగును? మొదటిదానికి జవాబు 896 స్టోనులు. రెండవదానికి 12½ పెద్ద టన్నులు, 14 చిన్న టన్నులు. మూడవదాని జవాబు మీ త్రాసు చెప్పవలెను.